కుక్క, కుందేలు ఒకే ఇంట్లో: రీల్‌లో కనిపించని విషయాలు

 

ఈ రీల్ మీరందరూ చూసే ఉంటారు. ఒక గోల్డెన్ రిట్రీవర్ హాయిగా పడుకుని ఉంటుంది. దాని తల మీద ఒక కోడిపిల్ల, పక్కనే ఒక తెల్ల కుందేలు. వెనకాల మంచి మెలోడీ. మనం లైక్ కొట్టేసి, "అబ్బ, మనింట్లో కూడా ఇలా ఉంటే ఎంత బాగుంటుందో" అనుకుంటాం. ఆ ఆదివారమే కుక్క ఉన్న ఇంటికి కుందేలు వచ్చేస్తుంది.

ఆ రీల్ 15 సెకన్లు. రోజుకి 24 గంటలు. మిగతా టైమ్‌లో ఆ ఇంట్లో ఏం జరగొచ్చో ఈ రోజు మాట్లాడుకుందాం.

ముందు కుక్క సంగతి. కుక్క వేటలో కొన్ని స్టెప్స్ ఉంటాయి. చూపు నిలపడం, నక్కి నక్కి దగ్గరికి వెళ్ళడం, వెంటపడటం, నోటితో పట్టుకోవడం, చంపడం. మనుషులు తరతరాలుగా తమ పనికి తగ్గట్టు ఇందులో కొన్నిటిని పెంచారు, కొన్నిటిని తగ్గించారు. బోర్డర్ కోలీకి చూపు, వెంటపడటం ఉంచారు, ఎందుకంటే దాని పని గొర్రెల్ని తోలడం. లాబ్రడార్‌కి నోటితో మెల్లగా పట్టుకుని తేవడం నేర్పారు, ఎందుకంటే వేటగాడు కొట్టిన పక్షిని అది పాడు చేయకుండా తేవాలి. బీగిల్‌ని పెంచిందే వాసన పట్టి కుందేళ్ళని వేటాడటానికి. డాక్స్‌హుండ్ పొడుగ్గా, పొట్టి కాళ్ళతో ఎందుకుంటుంది? బొరియల్లో దూరి వేటాడటానికి. టెర్రియర్లు చాలా వరకు ఎలుకల కోసమో, బొరియల్లో ఉండే జంతువుల కోసమో తయారైనవే. మన పక్క రాష్ట్రం కర్ణాటక ముధోల్ హౌండ్‌ని చూడండి. కంటితో చూసి, పరిగెత్తి వేటాడే కుక్క అది.

ఇప్పుడు ఆ బీగిల్ మన టూ బీహెచ్‌కే ఫ్లాట్‌లో సోఫా మీద పడుకుంటోంది, పెరుగన్నం తింటోంది. కానీ దాని లోపల ఉన్నది ఎక్కడికీ పోలేదు. ఇంకో విషయం, దీనికి ఆకలితో సంబంధం లేదు. కడుపు నిండా తిన్న కుక్క కూడా వెంటపడుతుంది. చిన్నది ఏదైనా సడన్‌గా పరిగెత్తినా, రెక్కలు కొట్టినా, సన్నగా అరిచినా చాలు. మీరు కొనే స్క్వీకీ టాయ్ నొక్కగానే కుక్క ఎందుకు అంత ఊగిపోతుందో ఒక్కసారి ఆలోచించండి.

"బ్రో, మా వాడు చాలా సాఫ్ట్. ఆరు నెలల నుంచి కలిసే ఉంటున్నారు, ఏమీ చేయలేదు" అంటారు. నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాణ్ణి కదా, నాకు ఇది బాగా తెలిసిన లాజిక్. టెస్టింగ్‌లో వంద సార్లు పాసైన కోడ్ ప్రొడక్షన్‌లో పడిపోతుంది. ఎందుకంటే మనం టెస్ట్ చేయని కండిషన్ ఒకటి వస్తుంది. ఆరు నెలలు ఆ కుందేలు నెమ్మదిగా గెంతుతూ ఉంది. దీపావళి రోజు కింద లక్ష్మీ బాంబు పేలింది, కుందేలు భయపడి హాల్లో అడ్డంగా పరిగెత్తింది. ఆ కండిషన్ మీరు టెస్ట్ చేశారా?

పైగా ఆటలో కూడా ప్రమాదమే. పెద్ద లాబ్ 30 కిలోలు ఉంటుంది. గినీ పిగ్ కిలో అటూ ఇటూ. బడ్జీ అయితే, అదే మన దగ్గర లవ్ బర్డ్స్ అని అమ్మే చిన్న పక్షి, 30-40 గ్రాములు. కుక్క "రా, ఆడుకుందాం" అని పంజా వేసినా చాలు, అవతలి ప్రాణానికి అది పెద్ద దెబ్బ.

సరే, ముందే ఎలా గుర్తుపట్టాలి? మనం మొరగడం, గుర్రుమనడం కోసం చూస్తాం. అసలు చూడాల్సింది నిశ్శబ్దం. నోరు మూసుకుపోతుంది, ఒళ్ళు బిగుసుకుంటుంది, చెవులు ముందుకి వస్తాయి, చూపు అక్కడే ఆగిపోతుంది. పేరు పెట్టి పిలిచినా తిరగదు, బిస్కెట్ చూపించినా పట్టించుకోదు. మన ఇళ్ళలో దీన్నే "చూడు, ఎంత బుద్ధిగా కూర్చుని చూస్తోందో" అంటారు. అది బుద్ధి కాదండీ, వేటలో మొదటి స్టెప్. తోక ఊపుతోందని కూడా ధైర్యపడొద్దు. ఉద్రేకంలో ఉన్నా తోక ఊపుతుంది.

కుందేలు వైపు నుంచి చూద్దాం. కుక్క ముందు కదలకుండా కూర్చున్న కుందేలు ఫ్రెండ్ అయిపోయిందని కాదు. భయంతో బిగుసుకుపోయి ఉండొచ్చు. పంజరంలో ఉంది, సేఫ్ అనుకుంటాం. రోజంతా ఎదురుగా ఒక కుక్క చూస్తూ కూర్చుంటే ఆ భయానికే అది తిండి మానేయొచ్చు. కుందేలు పేగులు ఆగకుండా పని చేస్తూ ఉండాలి. అర రోజు తినలేదన్నా, పెంటికలు వేయలేదన్నా అది ఎమర్జెన్సీ. వెంటనే వెట్ దగ్గరికి వెళ్ళాలి.

కుక్క ఒక్కసారి నోట్లో పట్టి వదిలేసినా అంతే. బయట బొచ్చు కింద చిన్న గాటు కనిపిస్తుంది, లోపల ఎముకలు, అవయవాలు నలిగిపోయి ఉండొచ్చు. పైగా కుక్క, పిల్లి నోళ్ళలో పాశ్చురెల్లా లాంటి బ్యాక్టీరియా ఉంటుంది. చిన్న గాటుతో పక్షి కూడా ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. "రక్తం రాలేదు కదా, పసుపు రాద్దాం" అని ఆగొద్దు. అదే రోజు చూపించండి.

చాలా మందికి తెలియని ఇంకో రిస్క్, మందులు. కుక్కకి గోమార్లు, పిడుదులు పోవడానికి వాడే మందు మిగిలింది కదా అని మిగతా వాటికి వేయకండి. ఫిప్రోనిల్ ఉన్నవి కుందేళ్ళకి ప్రమాదం. పెర్మెత్రిన్ ఉన్నవి పిల్లులకి విషం. మందు వేసిన కుక్కని ఆనుకుని పడుకున్నా పిల్లికి ప్రమాదమే. డబ్బా మీద పేరు చదవండి, డాక్టర్‌ని అడిగి వాడండి.

మరి రెండూ ఉండాలంటే ఏం చేయాలి? మూడే రూల్స్.

ఒకటి, మధ్యలో మూసే తలుపు ఉండాలి. నేల మీద పెట్టిన పంజరాన్ని కుక్క తోసేయగలదు. కాబట్టి పంజరం ఒక అడ్డు, గది తలుపు రెండో అడ్డు. ఒకటి ఫెయిలైనా ఇంకోటి ఉంటుంది.

రెండు, ఎదురెదురుగా ఉన్నప్పుడు కుక్కకి పట్టీ ఉండాలి, అది మీ చేతిలో ఉండాలి. రెండు కుక్కలుంటే ఒకేసారి అసలు వద్దు, ఒకదాన్ని చూసి ఇంకోటి రెచ్చిపోతుంది.

మూడు, మీరు లేనప్పుడు కలిపి ఉంచొద్దు. డెలివరీ బాయ్ బెల్ కొడితే తలుపు తీయడానికి వెళ్ళే ఆ నిమిషం కూడా "లేనప్పుడే".

ఇవి మీ రూమ్‌లో కుదరకపోతే, ఓనర్ తలుపు లేని సింగిల్ రూమే ఇచ్చి ఉంటే, రెండోదాన్ని తీసుకురాకండి. అదే దానికి మీరు చేసే మేలు.

చివరగా ఒక్క మాట. ఏదైనా జరిగిన రోజు పోయేది చిన్న ప్రాణం ఒక్కటే అనుకుంటాం. తర్వాత ఆ కుక్కని కొడతారు, "రక్తం రుచి మరిగింది" అంటారు, బండి మీద ఎక్కించి ఊరి బయట వదిలేస్తారు. తిండీ నీళ్ళూ లేక అల్లాడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం పక్కన పెట్టినా, అది చేసిన తప్పేంటి? తలుపు వేయాల్సింది అది కాదు కదా.

అందుకే షాప్‌కి వెళ్ళి కుందేలుని చేతిలోకి తీసుకునే ముందు, ఇంట్లో ఏ తలుపు మూస్తారో అనుకోండి. ఆ తలుపు గుర్తొస్తేనే తెచ్చుకోండి.

ఈ వారానికి ఇంతే. కుక్క ఉండి, కుందేలు కొనే ప్లాన్‌లో ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్ళకి ఇది పంపించండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.