దారు పన్నులో మన వాటా ఏది?
(షోలాపూర్ పవర్‌లూమ్ కార్మికుల గేటు మీటింగులో ప్రసంగ పాఠం)



సాంచాల మీద బతికే మనకు బట్వాడా రోజు సాయంత్రం ఏం జరుగుతుందో ఒకరు చెప్పనక్కరలేదు.

2025 జూన్‌లో మహారాష్ట్ర మంత్రివర్గం మద్యం సుంకాలు పెంచింది. దేశీ దారు 180 మిల్లీలీటర్ల సీసా కనీస ధర 80 రూపాయలైంది. ఏటా 14,000 కోట్లు అదనంగా వస్తాయన్నారు. ధర పెరిగితే తాగుడు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏళ్ళ తరబడి చెబుతోంది. కనుక ఈ పెంపును మేము వ్యతిరేకించం. దుకాణదారుల గోల వాళ్ళ గల్లా కోసం!

అయితే అలవాటు ముదిరినవాడు ధర చూసి ఆగడు. బియ్యం డబ్బులూ అక్కడే పోస్తాడు, లేదా చాటు సారాకు పోతాడు. 2015లో ముంబై మాల్వణిలో కల్తీ సారా వందమందికి పైగా ప్రాణాలు తీసింది. పోనీ ఒక్కసారిగా మానేస్తే? వణుకు, ఫిట్స్, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అతనికి డాక్టరు, మందులు, కొన్నాళ్ళు పడక కావాలి. పీస్‌రేటు మనిషికి ఆ రోజుల కూలి ఎవరిస్తారు?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం 1995లో ఆంధ్రప్రదేశ్‌లో మద్య నిషేధం దాకా వెళ్ళింది. 1997లో ఖజానా ఖాళీ అని సడలించారు. సర్కారుకు ఈ ఆదాయం మీద అంత మోజు ఉన్నప్పుడు, అందులో మన వాటా మనం అడగాలి. థాయిలాండులో 2001 నుంచి మద్యం, పొగాకు సుంకాలపై అదనంగా 2 శాతం వసూలు చేసి ఆరోగ్య నిధికి ఇస్తున్నారు. 14,000 కోట్లలో 2 శాతమంటే 280 కోట్లు. మన పేటల్లో, తెలుగు తెలిసిన సిబ్బందితో, ఉచిత వ్యసన విముక్తి కేంద్రాలు పెట్టమంటున్నాం. చికిత్స రోజులకు భత్యం ఇవ్వమంటున్నాం.

సంతకాల కాగితం రేపటి నుంచి షెడ్డు షెడ్డుకూ వస్తుంది. ఇంట్లో ఆడవాళ్ళ చేత ముందు చేయించండి.