సరిహద్దు దాటే అతివేగ రైళ్ళు: లాభం ఎవరికి? భారం ఎవరికి?

రెండు గ్రామాల నడుమ ఒక వాగు ఉన్నదనుకొందాము. వర్షాకాలంలో బండ్లు దాటవు. వంతెన కట్టుకొందామని ఉభయ గ్రామాల పెద్దలూ ఒకచోట కూర్చుంటారు. వంతెన మంచిదనడంలో ఎవరికీ భేదాభిప్రాయం ఉండదు. అయితే సంత జరిగేది ఒక గ్రామంలోనే. వంతెన పడితే రెండవ గ్రామంలోని కొట్లలో బేరాలు తగ్గిపోవచ్చును. ఖర్చులో ఎవరి వంతు ఎంత? వరదకు స్తంభం కూలితే మరమ్మతు ఎవరు చేయించాలి? అనుకున్నన్ని బండ్లు రాక, సుంకం వసూలు కాకపోతే తెచ్చిన అప్పు ఎవరు తీర్చాలి? అసలైన చర్చ ఇక్కడ ప్రారంభమవుతుంది.

గంటకు 300 కిలోమీటర్ల వేగంతో ఒక దేశం నుండి మరొక దేశానికి పరుగెత్తే రైళ్ళ విషయంలోనూ ప్రశ్నలు ఇవే. వంతెనకు వేలు ఖర్చయితే వీటికి వందల కోట్లు ఖర్చవుతవి, అంతే భేదం. ఇట్టి మార్గాలలో మూడింటి అనుభవాన్ని ఈనాడు పరిశీలిద్దాము. ఒకటి, కట్టిన తరువాత చాలకాలం నష్టపడి చివరకు నిలదొక్కుకున్నది. మరొకటి, మార్గం నిలిచినా దానిని కట్టిన సంస్థ మునిగిపోయినది. మూడవది, పునాదిరాయి పడకముందే ఆగిపోయినది.

మొదటిది ఇంగ్లండును ఫ్రాన్సుతో కలిపే చానెల్ సొరంగ మార్గం. సముద్రం క్రింద సొరంగం త్రవ్వాలన్న ఆలోచన నెపోలియన్ కాలం నాటిది. అది కార్యరూపం ధరించడానికి 1986 వ సంవత్సరం రావలసివచ్చినది. ఆ యేడు ఫిబ్రవరిలో ఉభయ ప్రభుత్వాలూ కాంటర్‌బరీ నగరంలో ఒడంబడిక వ్రాసుకున్నవి. ఈ పనికి ప్రజాధనం నుండి ఒక్క కాసు కూడ ఇవ్వరాదని ఆనాటి బ్రిటిష్ ప్రధాని శ్రీమతి మార్గరెట్ థాచర్ పట్టుపట్టారు. కావున యూరోటన్నెల్ అనే సంస్థ ప్రజలకు వాటాలు అమ్మి, బ్యాంకుల వద్ద అప్పు తెచ్చి పనిలోకి దిగినది. 1987 లో ఒక్కొక్క వాటా వెల 35 ఫ్రాంకులు. ఫ్రాన్సులో లక్షలాది సామాన్య కుటుంబాలవారు తమ పొదుపు సొమ్ము పెట్టి ఈ వాటాలు కొన్నారు. దేశానికి గౌరవం, ముసలితనంలో ఆదాయం రెండూ కలిసివస్తవని వారి ఆశ.

సొరంగం పొడవు సుమారు 50 కిలోమీటర్లు. అందులో 38 కిలోమీటర్లు సముద్రగర్భం క్రిందనే ఉన్నది. నిర్మాణంలో పదిమంది పనివారు ప్రాణాలు కోల్పోయారు. 1994 మే 6 వ తేదీన ఎలిజబెత్ రాణి, ఫ్రెంచి అధ్యక్షుడు మిత్తెరాఁ కలిసి ప్రారంభోత్సవం చేశారు. ఇంజనీర్లు తాము చెప్పినది చేసి చూపించారు. దెబ్బ తిన్నది లెక్కలు వేసినవారు. నిర్మాణవ్యయం మొదటి అంచనాను సుమారు 80 శాతం మించిపోయినది. రాబడి సంగతి అంతకంటె విచారకరం. ప్రారంభదశలో ఏటా కోటీ 59 లక్షల మంది ప్రయాణికులు యూరోస్టార్ రైళ్ళు ఎక్కుతారని అంచనా వేశారు. మొదటి పూర్తి సంవత్సరమైన 1995 లో ఎక్కినవారు 29 లక్షల మంది. అంటే ఐదింట ఒక వంతు కూడ కాదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇట్టి అంచనాల కొరకే పుట్టినదేమో!

ఎందుకిట్లా జరిగినది? కారణాలు ప్రధానంగా రెండు. పోటీదారులు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఓడల కంపెనీలు చార్జీలు తగ్గించినవి. తక్కువ ధరకు టిక్కెట్లు అమ్మే విమాన సంస్థలు కొత్తగా పుట్టుకొచ్చినవి. రైలు రాకముందున్న ధరలే రైలు వచ్చిన తరువాత కూడ ఉంటవనుకొనడం మొదటి పొరపాటు. ఇక రెండవది, ఉభయ దేశాలూ తమ తమ వంతు పనిని ఒకే కాలంలో పూర్తిచేయకపోవడం. ఫ్రాన్సు వైపు అతివేగ మార్గం 1993 లోనే సిద్ధమైనది. ఇంగ్లండు వైపు అట్టి మార్గం లండన్ వరకు పూర్తి అయినది 2007 నవంబరులో. అంతవరకు, ఫ్రాన్సులో బాణంవలె వచ్చిన రైలు సొరంగం దాటగానే లండన్ పొలిమేరల పాత పట్టాల మీద మామూలు రైళ్ళ వెనుక నడిచినది. రెండు దేశాలను కలిపే మార్గానికి విలువ కట్టేటప్పుడు, వెనుకబడిన పక్షాన్ని బట్టియే కట్టవలసి ఉంటుంది.

ఒక్క కాసు కూడ ఇవ్వమన్న ప్రతిజ్ఞ ఏమైనది? సొరంగం వరకు అది నిలిచినది. కాని లండన్ నుండి సొరంగం వరకు కొత్త మార్గం వేసే కాంట్రాక్టు 1996 లో ఒక ప్రైవేటు సంస్థ చేపట్టి, యూరోస్టార్ రాబడి మీద ఆశ పెట్టుకొన్నది. ఆ రాబడి రాలేదు. 1998 లో ప్రభుత్వమే ఆ సంస్థ ఋణపత్రాలకు పూచీ పడవలసివచ్చినది. 2009 లో ఆ సంస్థనే స్వాధీనం చేసుకొనవలసివచ్చినది. 2010 లో ఆ మార్గాన్ని 30 ఏండ్లపాటు నడుపుకొనే హక్కును 210 కోట్ల పౌండ్లకు అమ్మారు. మార్గం వేయడానికైన ఖర్చులో అది సగం కూడ కాదు. తక్కిన భారం పన్ను చెల్లించే పౌరునిదే.

యూరోటన్నెల్ వాటాదారుల కథ ఇంతకంటె బాధాకరం. 1995 సెప్టెంబరులో ఆ సంస్థ తన అప్పులపై వడ్డీ చెల్లింపులను నిలిపివేసినది. 2004 లో చిన్న వాటాదారులు తిరుగుబాటు చేసి డైరెక్టర్లను తొలగించారు. అయినా అప్పు తరగలేదు. 2006 లో సంస్థ కోర్టు రక్షణ కోరినది. 2007 లో బ్యాంకులు ఇంచుమించు సగం అప్పును వదులుకొని, అందుకు బదులుగా సంస్థలో పెద్ద భాగం పుచ్చుకొన్నవి. తొలిసారిగా లాభాంశం పంచినది 2009 లో. 1987 లో నలభై ఏండ్ల వయస్సున వాటా కొన్నవానికి అప్పటికి అరువది రెండేండ్లు వచ్చినవి. అతని వాటా విలువ చాల భాగం కరిగిపోయినది.

ఇంతమాత్రాన ఆ సొరంగం అనవసరమని అనగలమా? అనలేము. లండన్ నుండి పారిస్‌కు ఇప్పుడు రెండుంబావు గంటల ప్రయాణం. ఆ రెండు నగరాల మధ్య విమానంలోను, రైలులోను పోయేవారిలో మూడింట రెండు వంతులకు పైగా రైలుకే మొగ్గినారు. మామూలు సంవత్సరాలలో పదిలక్షలకు పైగా లారీలు రైలుబండ్ల మీద ఎక్కి సముద్రం క్రిందుగా దాటిపోతవి. ప్రయాణికునికి కాలం కలిసివచ్చినది, వర్తకునికి సరుకు వేళకు చేరినది, హోటళ్ళకు అతిథులు పెరిగినారు. ఈ లాభాలు నిజమైనవే. అయితే ఇవి వాటాదారుని చిట్టాలోకి రావు. అతడు పెట్టినది తన సొమ్ము. ఫలం దక్కినది ఊరందరికీ. దేశానికి లాభసాటియైన పని దానిని చేసినవానికి నష్టం కావచ్చునన్న సంగతి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తున్నది.

ఊళ్ళలో కూడ లాభనష్టాలు సమంగా పంచబడలేదు. ఉత్తర ఫ్రాన్సులోని లీల్ నగరం ఒకప్పుడు బట్టల మిల్లులకు ప్రసిద్ధి. మిల్లులు మూతపడి ఆ నగరం దీనదశలో ఉన్నప్పుడు, మాజీ ప్రధానియైన నగర మేయరు పియేర్ మోర్వా పట్టుబట్టి కొత్త రైలుమార్గాన్ని నగరం నడిబొడ్డుకు తెప్పించారు. స్టేషను చుట్టూ కార్యాలయాలతో, అంగళ్ళతో కొత్తపేట వెలసినది. లండన్, పారిస్, బ్రస్సెల్స్ మూడింటికీ అది కూడలి అయినది. అదే మార్గం అమియాఁ పట్టణాన్ని ప్రక్కకు నెట్టి పోయినది. ఆ పట్టణానికి దూరంగా పొలాల నడుమ ఒక స్టేషను కట్టగా, జనం దానికి బీట్‌రూట్ స్టేషను అని పేరు పెట్టి నవ్వుకొన్నారు.

ఇంగ్లండులోని ఆష్‌ఫర్డ్ పట్టణం గతి మరొక విధం. అక్కడ 1996 లో అంతర్జాతీయ స్టేషను తెరిచారు. పారిస్ పోయే రైళ్ళు ఆగినవి. 2020 లో, మహమ్మారి రోజులలో, ఆ రైళ్ళు ఆగడం మానినవి. 2024 చివరి వరకు తిరిగి ఆగలేదు. సరిహద్దు దాటే రైలు ఆగాలంటే ప్లాట్‌ఫారం ఒక్కటి చాలదు. పాస్‌పోర్టు తనిఖీకి, సామాను పరీక్షకు గదులు కావాలి, ఉభయ దేశాల అధికారులు కావాలి. పదిమంది ఎక్కే చోట ఆ ఖర్చు గిట్టదు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుండి వైదొలగిన తరువాత ఈ తనిఖీలు మరింత ఆలస్యమైనవి. పట్టాలు మారలేదు, రైలు మారలేదు, మారినది సరిహద్దు. సొంత దేశంలోని రైలుమార్గానికి లేని అపాయం ఇది.

ఇక రెండవ మార్గం ఫ్రాన్సులోని పెర్పిన్యాఁ నుండి స్పెయిన్‌లోని ఫిగెరస్ వరకు ఉన్నది. పొడవు 44 కిలోమీటర్లు. పిరనీ పర్వతాల క్రింద 8 కిలోమీటర్ల సొరంగం. ఒక ఫ్రెంచి సంస్థ, ఒక స్పానిష్ సంస్థ కలిసి ఏర్పరచిన కంపెనీకి 2004 లో దీనిని కట్టి నడిపే హక్కు ఇచ్చారు. ప్రభుత్వాల సహాయధనం కూడ గణనీయంగా లభించినది. 2009 నాటికి పని ముగిసినది. కాని పట్టాలు సిద్ధమైనా రైళ్ళు లేవు. ఎందుకంటే అటువైపు బార్సిలోనా నుండి రావలసిన మార్గం అప్పటికి పూర్తికాలేదు. 2010 డిసెంబరులో కొద్దిపాటి రైళ్ళు నడవనారంభించినవి. బార్సిలోనా మార్గం 2013 లోగాని అందలేదు. ఇటు ఫ్రాన్సు వైపు మోంపెల్యే నుండి పెర్పిన్యాఁకు రావలసిన కొత్త మార్గం అప్పటికి కాగితం మీదనే ఉన్నది. తల, తోక లేని పాము నడుము వలె ఆ 44 కిలోమీటర్ల మార్గం మధ్యలో నిలిచినది. సరకుల బండ్లు కూడ ఆశించినన్ని రాలేదు. అప్పు తీర్చలేక 2016 లో ఆ కంపెనీ దివాలా తీసినది. రెండు దేశాల రైలు సంస్థలూ కలిసి మార్గాన్ని తమ అధీనంలోకి తీసుకొన్నవి. నేడు ఆ దారిన ప్రయాణం చేసేవారికి ఈ కథ తెలియకపోవచ్చును. అప్పిచ్చినవారు మాత్రం మరచిపోరు.

మూడవది ఆసియాలోనిది. మలేషియా రాజధాని కౌలాలంపూరు నుండి సింగపూరుకు 350 కిలోమీటర్ల అతివేగ మార్గం వేసి, 90 నిమిషాలలో ప్రయాణం ముగించాలని 2016 డిసెంబరులో రెండు దేశాలూ ఒప్పందం చేసుకొన్నవి. 2026 నాటికి రైళ్ళు నడవాలని సంకల్పం. ఎవరి నేల మీది పని వారిదే అని నియమం. అయితే 350 కిలోమీటర్లలో సుమారు 335 మలేషియా నేల మీదనే ఉన్నవి. ఎనిమిది స్టేషన్లలో ఏడు ఆ దేశానివే. అందువల్ల భారంలో పెద్దపాలు ఆ దేశానిదే అయినది. 2018 ఎన్నికలలో ప్రభుత్వం మారినది. దేశానికున్న అప్పులు చూచి కొత్త ప్రభుత్వం వెనుకాడినది. వాయిదా వేశారు, మళ్ళీ వాయిదా వేశారు, మార్పులు ప్రతిపాదించారు, అంగీకారం కుదరలేదు. 2020 డిసెంబరు 31 తో ఒప్పందం ముగిసిపోయినది. సింగపూరు అప్పటికే భూమి సేకరించి, కొంత ధనం ఖర్చు చేసి ఉన్నది. అందుకు పరిహారంగా మలేషియా 10 కోట్ల 28 లక్షల సింగపూరు డాలర్లు చెల్లించినది.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. ఒక పక్షం విరమించుకొంటే రెండవ పక్షానికి పరిహారం చెల్లించాలని ఒడంబడికలో ముందుగానే వ్రాసుకొన్నారు. అందువల్ల పని ఆగినా కయ్యం పెరగలేదు. ఎవరికెంత అన్నది చర్చించి తేల్చుకొన్నారు. ఒక్క అంగుళం పట్టా పడని పనికి అంత సొమ్ము పోవడం చిన్న విషయం కాదు. అయినా వేల కోట్లు పోసిన తరువాత ఆగిపోవడం కంటె, ఇరుపక్షాలకూ అది మేలే.

ఈ మూడు అనుభవాలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు కొన్ని సంగతులు తేలుతున్నవి. ప్రయాణికులు ఎందరు వస్తారన్న అంచనాను పథకం మీద మోజున్నవారికి విడువరాదు; ఆ పనివలన తమకు లాభమూ నష్టమూ లేనివారు వేయాలి. ఉభయ దేశాలలోని అనుబంధ మార్గాలు ఒకే గడువుకు పూర్తి అయ్యేటట్లు ఒడంబడికలోనే కట్టుబాటు ఉండాలి. రాబడి సగమే వస్తే ఎవరు ఎంత భరించాలో, ఒకరు తప్పుకొంటే రెండవవారికి ఏమి ఇవ్వాలో ముందుగానే నిర్ణయించుకొనాలి. రైలు ఆగని పట్టణాల గతి ఏమిటో కూడ ఆలోచించాలి. సాధారణ ప్రజల పొదుపు సొమ్ము పెట్టించేటప్పుడు లాభంతో పాటు నష్టాన్ని కూడ వారి భాషలో, వారికి అర్థమయ్యే విధంగా చెప్పాలి.

మన దేశంలో సరిహద్దు దాటిపోయే అతివేగ రైలుమార్గం ఏదీ లేదు. అట్టి ఆలోచన ఏనాడైనా వచ్చినప్పుడు వేగాన్ని గురించి మాటలాడేవారు చాలమంది ఉంటారు. అప్పుల చిట్టా ఎవరి పేరిట వ్రాస్తున్నారని అడిగేవారు కొందరైనా ఉండాలి. మొదట చెప్పుకొన్న రెండు గ్రామాల పెద్దలు ఆ ప్రశ్న అడిగినంతమాత్రాన వంతెనకు విరోధులు కారు. అది తేలిన తరువాత కట్టిన వంతెన మీద ఉభయ గ్రామాలవారి బండ్లూ నిశ్చింతగా నడుస్తవి.