మీటరులో అంకె ఎందుకు ఊగుతుంది?
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి కాక వోల్టేజి గురించి మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. కొంచెం ఓపిక పట్టండి.

థర్మల్ కేంద్రాల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసినవారికి ఈ బాధ తెలుసు. ఫ్యాను బేరింగులో థర్మోకపుల్ ఉంటుంది. వేడిని అది వోల్టేజిగా మారుస్తుంది. 'కె' రకమైతే డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు. 100 డిగ్రీలకు నాలుగు మిల్లీవోల్టుల చిల్లర, అంతే. ఆ కాస్త వోల్టేజి కేబుల్లో కంట్రోలు రూము దాకా వచ్చి డేటా అక్విజిషన్ కార్డులో అంకెగా మారాలి. దారి పొడవునా పక్కన 6.6 కె.వి. మోటార్ల కేబుళ్లు! పెళ్లి బాజాల మధ్య పసిపిల్ల మాట వినడం లాంటిదే.

నేను పనిచేసిన ఒక యూనిట్లో ఒక బేరింగు 62, 71, 58 అంటూ గంతులు వేసేది. "దానికి పిచ్చండీ" అని ఆపరేటర్లు చూడటమే మానేశారు. ప్రమాదమంతా అక్కడే ఉంది. నిజంగా వేడెక్కిన రోజున కూడా ఆ మాటే అంటారు కదా!

పైవారు కార్డు మార్పించారు. గంతులు పోలేదు. అప్పుడు కేబులు విప్పి, కార్డు ఇన్‌పుట్ రెండు కొసలనూ చిన్న తీగెతో కలిపి చూశాము. అంకె గది వేడి దగ్గర కదలకుండా నిలిచింది. అంటే కార్డు మంచిదే, దోషం బయట ఉందన్నమాట. వెతికితే కేబులు షీల్డును రెండు వైపులా ఎర్త్ చేసి ఉంచారు. ఫ్యాను దగ్గరి ఎర్త్‌కూ కంట్రోలు రూము ఎర్త్‌కూ మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉంటుంది. ఆ తేడాకు షీల్డులో కరెంటు పారి, లోపలి తీగెలను కదిలిస్తుంది. ఒక వైపు విప్పి టేపు చుట్టాము. ఖర్చు టేపు ముక్క!

అంతకుముందే ఒకరు డాంపింగు పెంచేద్దామన్నారు. పెంచితే తెరమీద అంకె ముచ్చటగా నిలుస్తుంది, నిజమే. కాని అరనిమిషం సగటు పెడితే బేరింగు కాలుతున్న సంగతీ అంత ఆలస్యంగానే తెలుస్తుంది. ఇలాంటి నిలకడ నాకెప్పుడూ నచ్చలేదు.

మిగిలిన చిన్న వణుకు 50 సైకిళ్ల కరెంటుది. ఒక సైకిలుకు 20 మిల్లీసెకన్లు. సరిగ్గా ఆ కాలమంతా కొలిచి సగటు తీస్తే, పైకి పోయినదీ కిందికి పోయినదీ చెల్లుకు చెల్లు. అమెరికా పరికరాల్లో 60 సైకిళ్ల సెట్టింగు ఉంటే మనవారు మార్చుకోవాలి.

ఇంజనీరింగు చదివే మనవలకు ఒక మాట. మీ ప్రాజెక్టు బోర్డు 10 బిట్లదై, 5 వోల్టుల దాకా కొలిచేదైతే, ఒక్కో మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్టులు. థర్మోకపుల్ లెక్కలో అది సుమారు 120 డిగ్రీలు! ముందు యాంప్లిఫయర్ పెట్టక తప్పదు. ఏమీ కలపని చానెల్ కూడా ఏదో అంకె చూపిస్తే దడుచుకోకండి. అది పక్క చానెల్ వదిలిన ఛార్జి. వాడని చానెళ్లను గ్రౌండుకు కలిపేయండి.