బడ్జెట్ పుస్తకంలో మన కళాశాల ఏ పేజీలో ఉంది?

(సంఘం వార్షిక సాంస్కృతిక సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

చర్ల, వాజేడు, పినపాక, ఏటూరునాగారం వైపు నుంచి తెల్లవారకముందే బండ్లు కట్టుకుని వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు జోహార్లు. గోదావరి అవతల చింతూరు, కూనవరం నుంచి వచ్చిన మన బంధువులకు ప్రత్యేకంగా జోహార్లు. 2014లో మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి గానీ చుట్టరికాలు విడిపోలేదు.

కొమ్ము నృత్యం చూసి, రేలపాట విన్న వెంటనే బడ్జెట్ గురించి వినమంటే మీకు కష్టమే. అది తెలిసే సంఘం తరఫున మేము ఈ విషయం ఎంచుకున్నాం. ఎందుకో ముందే చెబుతాం. ప్రతి ఏడూ మన పండుగకు ఎవరో ఒక నాయకుడు వస్తాడు. మనం వినతిపత్రం ఇస్తాం. డిగ్రీ కళాశాల కావాలి, హాస్టల్ కావాలి, యూనివర్సిటీ కావాలి అని రాస్తాం. ఆయన తీసుకుంటాడు, ఫొటో దిగుతాం, అయిపోతుంది. మనం అడిగేది ఒక పేరు. వాళ్ళు ఇచ్చేది కూడా పేరే. ఆ పేరు వెనక డబ్బు ఏ పద్దులో పెట్టారు, ఎంత పెట్టారు, అందులో ఎంత విడుదలైంది అని మనలో అడిగినవాళ్ళు చాలా తక్కువ.

ముందు పెద్ద లెక్క చూద్దాం. 2025-26లో తెలంగాణ రాష్ట్ర బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులో విద్యాశాఖకు 23,108 కోట్లు. అంటే వందకు ఏడున్నర రూపాయలు. బడి, ఇంటర్, డిగ్రీ, యూనివర్సిటీ అన్నీ ఇందులోనే. 2023 ఎన్నికల్లో గెలిచిన పార్టీ మేనిఫెస్టోలో 15 శాతం అని రాసుకుంది. దేశం మొత్తం ఆదాయంలో 6 శాతం చదువుకు పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది, 2020 జాతీయ విద్యా విధానం మళ్ళీ అదే అంకె రాసింది. ఆ అంకె ఇప్పటికీ కాగితం మీదే ఉంది.

ఇక మన పేరు మీద ఉన్న లెక్క. అదే బడ్జెట్‌లో ఎస్టీ సంక్షేమానికి 17,169 కోట్లు అన్నారు. వినగానే గుండె నిండుతుంది. కానీ ఆ మొత్తం గిరిజన సంక్షేమ శాఖ చేతికి వచ్చేది కాదు. వ్యవసాయం, కరెంటు, రోడ్లు, ఇళ్ళు, పింఛన్లు ఇలా అన్ని శాఖలూ తమ ఖర్చులో ఎస్టీల వాటా అని చూపించినదంతా కలిపిన అంకె అది. ఈ పద్ధతికి చట్టం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో దాని గడువు ఇంకో పదేళ్ళు పెంచారు. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేశారు. జనాభాలో మనం 9.08 శాతం కాబట్టి ఆ నిష్పత్తిలో నిధి కేటాయించాలి. ఒక ఏడాది ఖర్చు కాని డబ్బును మరుసటి ఏడాది కలిపి ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మన పెద్దలు ఎన్నో ఏళ్ళు ధర్నాలు చేసి సాధించిన మాట ఇది. అమలైందా లేదా అని అడిగేవాళ్ళు లేకపోతే అది చట్టం పుస్తకంలోనే పడి ఉంటుంది.

బడ్జెట్ పుస్తకం చదవడం మీరు అనుకున్నంత కష్టం కాదు. ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా దించుకోవచ్చు. మా సంఘంలో పదో తరగతి చదివిన పెద్దాయన ఒకరు రెండు సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నారు, డిగ్రీ చదివేవాళ్ళు మీకేం కష్టం! ప్రతి పద్దుకూ ఒక నంబరు ఉంటుంది. సాధారణ విద్య 2202. సాంకేతిక విద్య 2203. ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమం 2225. భవనాలు కట్టడం లాంటి పెట్టుబడి ఖర్చు అయితే 4202. ఈ నంబర్ల కింద 796 అని కనిపించిన చోటల్లా ఆగండి. దేశంలో ఏ రాష్ట్రం బడ్జెట్‌లోనైనా 796 అంటే గిరిజన ప్రాంత ఉప ప్రణాళిక. మన చదువు డబ్బు చాలావరకు ఆ మూడు అంకెల కింద ఉంటుంది.

పక్కన నాలుగు గడులు ఉంటాయి. 2025-26 పుస్తకం తీస్తే, 2023-24లో నిజంగా ఖర్చయినది మొదటి గడిలో, 2024-25కు వేసిన అంచనా రెండో గడిలో, ఏడాది చివర సవరించిన అంచనా మూడో గడిలో, కొత్త ఏడాది అంచనా నాలుగో గడిలో ఉంటాయి. పేపర్లో వచ్చేది నాలుగో గడి. మనం చూడాల్సింది మొదటి గడి. అంచనా ఎంత వేసినా, రెండేళ్ళ తర్వాత మొదటి గడిలోకి వచ్చేటప్పటికి అంకె సగమైతే ఆ పథకం సగమే నడిచినట్టు. ఆ గడిలో సున్నా ఉంటే ఆ పథకం పేరుకే ఉన్నట్టు. మంత్రి గారి ప్రసంగం ఎంత బాగున్నా సరే.

బడ్జెట్ పాసైన తర్వాత కూడా డబ్బు కదలదు. ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. దాని మీద శాఖ బిల్లు పెట్టాలి. ఆ బిల్లుకు ట్రెజరీలో టోకెన్ పడాలి. మనవాళ్ళు స్కాలర్‌షిప్ గురించి అడిగినప్పుడు “టోకెన్ పడింది, డబ్బు పడలేదు” అనే జవాబు వినే ఉంటారు. టోకెన్‌కూ ఖాతాకూ మధ్య ఏడాది గడిచిన సందర్భాలు మన ఇళ్ళలోనే ఉన్నాయి. మా గూడెం అమ్మాయి ఒకామె ఇంజినీరింగ్ పూర్తి చేసింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని ఆమె చదివిన ప్రైవేటు కళాశాల సర్టిఫికెట్లు ఆపింది. వాళ్ళ నాన్న రెండు ఎడ్లు అమ్మి కట్టాడు. ప్రభుత్వం ఆ కళాశాలకు బాకీ పడితే, ఆ బాకీ తీర్చింది ఒక కోయ రైతు. దీన్ని మేము ఏ రకంగానూ చిన్న విషయం అనుకోం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వద్దని మేము అనడం లేదు. ఆ పథకం లేకపోతే మన గూడేల నుంచి ఇంజినీర్లు, నర్సులు, ఎంబీఏలు ఇంతమంది వచ్చేవాళ్ళు కాదు. ఎస్టీ పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం 75, రాష్ట్రం 25 పెట్టాలి. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉన్నవాళ్ళకు అది వర్తిస్తుంది. కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఆ డబ్బు ఎక్కడికి పోతుంది? ఎక్కువ కళాశాలలు ఉన్న చోటికి, అంటే హైదరాబాద్, వరంగల్ చుట్టుపక్కలకు. ఏజెన్సీలో ప్రైవేటు కళాశాల పెట్టేవాడు తక్కువ. లాభం రాదు, 1/70 చట్టం ఉంది కాబట్టి గిరిజనేతరుడికి భూమీ దొరకదు. ఆ చట్టం మన నేలను కాపాడింది, అది ఉండాల్సిందే. అందుకే ఏజెన్సీలో ప్రభుత్వ కళాశాల ఒక్కటే దిక్కు. మైదానంలో పిల్లవాడికి ప్రభుత్వ కళాశాల బాగా లేకపోతే ఇంకోటి ఉంటుంది. మన పిల్లవాడికి లేకపోతే కూలి ఉంటుంది.

ఇప్పుడు ట్రైబల్ యూనివర్సిటీ మాట. 2014 పునర్విభజన చట్టంలో రెండు రాష్ట్రాలకూ ఒక్కో గిరిజన విశ్వవిద్యాలయం అని రాశారు. ఆంధ్రప్రదేశ్‌కు 2019లో విజయనగరం జిల్లాలో వచ్చింది. మనకు ములుగులో సమ్మక్క సారక్క పేరు మీద చట్టం 2023 డిసెంబర్‌లో పాసైంది. తొమ్మిదేళ్ళు పట్టింది. అంచనా వ్యయం 889 కోట్లు. జాకారం దగ్గర తాత్కాలిక భవనంలో ఇంగ్లిష్, ఎకనామిక్స్ డిగ్రీ కోర్సులతో మొదలుపెట్టారు. మన తల్లుల పేరు మీద చదువుల గుడి రావడం మనందరికీ గర్వమే. కానీ యువత ఇక్కడ ఒక పొరపాటు పడకూడదు. అది కేంద్ర విశ్వవిద్యాలయం, దాని ఖర్చు ఢిల్లీ భరిస్తుంది, అందులో సీటు సీయూఈటీ పరీక్షతో వస్తుంది. దాన్ని చూపించి “మీకు యూనివర్సిటీ వచ్చింది కదా” అని రాష్ట్రం తన కళాశాలల మీద ఖర్చు తగ్గించుకుంటే మనం ఒప్పుకోవద్దు. మన ఆరు వందల మార్కుల పిల్లవాడికైనా, మూడు వందల మార్కుల పిల్లవాడికైనా దగ్గర్లో ఉండే డిగ్రీ కళాశాల రాష్ట్ర ప్రభుత్వానిదే. అది కాకతీయ యూనివర్సిటీ కింద ఉంటుంది.

ఆ యూనివర్సిటీల సంగతి కూడా కొంచెం తెలుసుకోవాలి. రాష్ట్రం ఇచ్చే గ్రాంటు చాలావరకు జీతాలకు, పింఛన్లకు పోతుంది. అవి పోగా మిగిలేది కొంచెమే. సగానికి పైగా అధ్యాపక పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీ. లోటు పూడ్చుకోవడానికి యూనివర్సిటీలు సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు పెడతాయి, పరీక్ష ఫీజులు పెంచుతాయి. అంటే బడ్జెట్‌లో కోసిన రూపాయి చివరికి మీ జేబులోంచి వస్తుంది. 2025లో కొత్తగూడెంలో మన్మోహన్ సింగ్ పేరు మీద భూవిజ్ఞానాల యూనివర్సిటీ పెట్టారు. బొగ్గు తవ్విన నేల మీద ఆ చదువు రావడం మంచిదే, గనుల కోసం పొలాలు వదిలిన ఊళ్ళ పిల్లలు ఆ తరగతుల్లో ఎంతమంది ఉన్నారో ప్రతి ఏడూ మనం లెక్క తీసుకోవాలి.

మరి ముందు దేనికి అడగాలి? మా సంఘంలో దీని మీద పెద్ద వాదనే జరిగింది. కొందరు మండలానికో కొత్త కళాశాల అన్నారు. కొందరు కోచింగ్ సెంటర్లు అన్నారు. చివరికి ఎక్కువమంది ఒప్పుకున్నది ఇది: ముందు హాస్టల్, అన్నం. తర్వాత లెక్చరర్. కొత్త పేర్లు ఆ తర్వాతే.

హాస్టల్ ముందెందుకంటే, మన పిల్లలు చదువు మానేది పాఠం కష్టమై కాదు, ఉండటానికి చోటు లేక. 2024 చివర్లో కళాశాల విద్యార్థుల మెస్ చార్జీలు నెలకు 1,500 నుంచి 2,100 చేశారు. మంచిదే. 2,100 అంటే రోజుకు 70 రూపాయలు, మూడు పూటలకు. పది నెలలకు ఒక్కో విద్యార్థికి 21,000. వంద మంది హాస్టల్‌కు 21 లక్షలు. ఒక కోటి రూపాయలతో 476 మంది పిల్లలు ఏడాదంతా తింటారు. స్వాగత తోరణాలకూ శిలాఫలకాలకూ పెట్టే ఖర్చు పక్కన ఈ అంకె పెట్టి చూడండి. 2017లో గిరిజన గురుకుల డిగ్రీ కళాశాలలు మొదలుపెట్టారు, కొన్ని ఇప్పటికీ అద్దె భవనాల్లోనే. అద్దె కట్టే ప్రతి ఏడూ సొంత భవనం ఒక ఏడాది వెనక్కి పోతుంది.

లెక్చరర్ సంగతి చెప్పాలంటే, ఏజెన్సీ కళాశాలలో ఫిజిక్స్‌కు రెగ్యులర్ లెక్చరర్ ఉండడు. పీరియడ్ లెక్కన డబ్బులిచ్చే గెస్టు లెక్చరర్ వస్తాడు, ఆయనకూ నెలల తరబడి డబ్బులు రావు, వర్షాకాలం వాగు పొంగితే రాలేడు. సైన్సు గ్రూపులో పిల్లలు తగ్గుతారు. దోస్త్‌లో అడ్మిషన్లు తక్కువ వచ్చాయని కోర్సే తీసేస్తారు. లెక్చరర్ లేడు కాబట్టి పిల్లలు చేరరు, పిల్లలు లేరు కాబట్టి లెక్చరర్‌ను ఇవ్వరు. తర్వాత “గిరిజనులకు సైన్సు మీద ఆసక్తి లేదు” అని ఎవరో నివేదిక రాస్తారు. ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతం అయింది కదా, పోస్టే నింపకపోతే పది శాతం దేనిలో? పైగా ఏజెన్సీ టీచర్ పోస్టుల మీద మనకు రక్షణగా ఉన్న జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. బడిలోనే ఆ దారి మూసుకుపోయాక కళాశాల పోస్టుల భర్తీ మన పిల్లలకు మరీ ముఖ్యం.

ఎప్పుడు అడగాలో కూడా తెలియాలి. బడ్జెట్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలో సభకు వస్తుంది. అప్పుడు వినతిపత్రం ఇస్తే కోత అయ్యాక గింజలు ఏరుకున్నట్టే. దసరా, దీపావళి రోజుల నుంచే శాఖలు తమ ప్రతిపాదనలు తయారు చేసుకుంటాయి. మన కళాశాల అవసరం ప్రిన్సిపాల్ నుంచి కమిషనర్‌కు, ఐటీడీఏ నుంచి గిరిజన సంక్షేమ శాఖకు ఆ రోజుల్లోనే వెళ్ళాలి. తెలంగాణ శాసనసభలో ఎస్టీలకు 12 స్థానాలు, ఆంధ్రప్రదేశ్‌లో 7. గిరిజన సలహా మండలిలో మూడొంతులు ఆ ఎమ్మెల్యేలే కూర్చుంటారు. పద్దుల మీద చర్చ జరిగే రోజు వాళ్ళ చేతిలో మన కాగితం ఉండాలి, అందులో పద్దు నంబరు ఉండాలి. చింతూరు, కూనవరం తమ్ముళ్ళు ఇదే కాగితం అమరావతికి పంపాలి. 796 అక్కడా 796 యే. శాఖ జవాబివ్వకపోతే పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు ఉంది.

మేము ఒక పట్టిక తయారు చేశాం. మీ కళాశాల పేరు, మంజూరైన పోస్టులు, నిండిన పోస్టులు, హాస్టల్‌లో సీట్లు, ఉంటున్నవాళ్ళు, చివరిసారి స్కాలర్‌షిప్ పడిన నెల. ఆరే గడులు. తెలిసినవే రాయండి, ఊహించి రాయవద్దు. తెలియని గడి ఖాళీగా వదిలేస్తే దానికి మేమే సమాచార హక్కు కింద దరఖాస్తు పెడతాం. కాగితాలు వంటశాల పక్కన బల్ల మీద ఉన్నాయి. భోజనాలు కాగానే చర్ల, వాజేడు, వెంకటాపురం వాళ్ళు చింతచెట్టు కింద, ఏటూరునాగారం, తాడ్వాయి వాళ్ళు వేదిక దగ్గర, గోదావరి అవతలి వాళ్ళు బడి వరండాలో కూర్చోండి. గంటలో నింపేస్తే సాయంత్రం ఆటకు ఆలస్యం కాదు.