గురి తప్పింది తుపాకీయా, మనమా?



ఘాటి సుబ్రహ్మణ్య జాతర చూసినవాళ్ళు మన సరిహద్దు జిల్లాల్లో చాలామందే ఉంటారు. దొడ్డబళ్ళాపురం దాటిన తరువాత ఆ కొండల నడుమ జరిగే పశువుల పరసకు హిందూపురం నుంచీ, మడకశిర నుంచీ, బాగేపల్లి నుంచీ జనం కదిలి వస్తారు. అక్కడ ఒక మూల గుడ్డ తెర మీద రంగురంగుల బెలూన్లు కట్టి ఉంటాయి. ముందు ఒక గాలి తుపాకీ. కుర్రవాళ్ళు డబ్బులిచ్చి పది గుండ్లు కాలిస్తే మూడు తగులుతాయి. అంగడివాడు మాత్రం అదే తుపాకీ తీసుకుని వరసగా అయిదు బెలూన్లు పేల్చి చూపిస్తాడు. అందులో మాయ ఏమీ లేదండీ. ఆ తుపాకీ ఏ పక్కకు ఎంత లాగుతుందో అతనికి తెలుసు, మనకు తెలియదు. అంతే.

తన తుపాకీ సంగతి తాను తెలుసుకోవడం అనే ఆ చిన్న విషయమే ఒలింపిక్స్ దాకా వెళుతుంది. ఈవేళ నేను మనవి చేయబోయేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ గురించి, దాన్ని పరీక్షించి సరిచేసుకునే పద్ధతి గురించి. నేను యలహంకలో లెక్కలూ, భౌతిక శాస్త్రమూ చెప్పే బడిపంతులును. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఈ రెండు భాషల్లోనూ ‘గురి’ అనే మాట ఒక్కటే కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

నేను షూటర్ను కాను సుమండీ. నన్ను ఈ పనిలోకి దించింది నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి. వాళ్ళది బాగేపల్లి దగ్గర ఒక పల్లె. తండ్రి యలహంక పక్కన నాలుగు ఆవులు పెట్టుకుని ఇళ్ళకు పాలు పోస్తాడు. ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా రేకుల షెడ్డులో నడిచే ఒక చిన్న రేంజిలో చేరింది. ఏడాదిలో బాగానే ఎదిగింది. ఆ తరువాత ఏడాదంతా ఒకే చోట ఆగిపోయింది. 2022లో ఒక సాయంత్రం వాళ్ళ నాన్న నా దగ్గరికి వచ్చాడు.

“రెండావుల్ని అమ్మేద్దామనుకుంటాండా సార్. జర్మనీ నుంచి వచ్చే కొత్త తుపాకీ అయితే పాయింట్లు పెరుగుతాయంట గదా?” అన్నాడు.

కొత్త మ్యాచ్ రైఫిల్ అంటే లక్షల్లో మాట. నాలుగు ఆవుల్లో రెండు పోతే ఆ ఇల్లు నడవదు. “తొందరపడొద్దన్నా. ముందు ఉన్న తుపాకీలో తప్పుందో లేదో చూద్దాం” అన్నాను. అన్నానే గానీ ఎలా చూడాలో అప్పటికి నాకూ తెలియదు. ఆ తరువాత నాలుగైదు ఆదివారాలు రేంజిలోనే గడిచాయి.

ముందు లక్ష్యం సంగతి చెప్పాలి. పది మీటర్ల దూరంలో, నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున ఉంటుంది. నడుమ ఉండే పదో పాయింటు అర మిల్లీమీటరు చుక్క. పెన్సిలు మొన పెట్టి తీసినంత. దానికి తగిలించే సీసపు గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. గుండు అంచు ఆ చుక్కను తాకితే చాలు, పది వచ్చినట్టే. అంటే గుండు నడిబొడ్డు లక్ష్యం నడిబొడ్డు నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపల పడాలి. పూర్వం ఇక్కడితో సరి. 2013 నుంచి మొదటి దశ పోటీలో కూడా దశాంశాల లెక్క వచ్చింది. ప్రతి పావు మిల్లీమీటరుకూ ఒక దశాంశం. అన్నిటికంటే పై మార్కు 10.9 కావాలంటే తప్పు పావు మిల్లీమీటరు దాటకూడదు. అరవై గుండ్లకు మొత్తం 654. పిల్లలకు దశాంశాలు బోధించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు పాఠ్య పుస్తకంలో దొరకలేదు.

ఇక పరీక్ష. అందరూ మరచిపోయేది మొదటి మెట్టే: మరలు. కొయ్యకూ గొట్టానికీ మధ్య ఉండే మరలు, వెనక గురిపెట్టే కన్నాన్ని పట్టి ఉంచే మరలు, అన్నీ సరిగ్గా బిగిసి ఉన్నాయా అని చూశాము. బిగిసే ఉన్నాయి. కాని అలా తిప్పి చూస్తున్నప్పుడు గాలి సిలిండరు మీద చెక్కిన తేదీ నా కంటబడింది. ఈ రైఫిళ్ళలో గాలిని 200 బార్ల ఒత్తిడిలో నింపుతారు. మన కారు టైరులో ఉండే దానికి ఇది సుమారు నూరింతలు. అందుకే సిలిండరుకు తయారైననాటి నుంచి పదేళ్ళ గడువు పెడతారు. గడువు దాటకుండా చూసుకోవలసిన బాధ్యత పోటీ నియమాల ప్రకారం షూటరుదే. ఆ తుపాకీని రెండేళ్ళ క్రితం చేతులు మారిన సరుకుగా కొన్నారు. అమ్మిన మనిషి ఎవరో నేను చెప్పను గాని, ఈ తేదీ మాట ఆయనా చెప్పలేదు. ఇంకా నాలుగు నెలలే మిగిలి ఉంది. పాత తుపాకీ కొనేవాళ్ళు కొయ్య మెరుగు చూసి మురిసిపోకుండా ముందు ఆ తేదీ చదవండి.

రెండో మెట్టు, మనిషిని పక్కకు జరపడం. భుజం మీద పెట్టి కాలిస్తే తప్పు తుపాకీదో మనిషిదో తేలదు కదా. అందుకని బల్లకు ఒక వైస్ బిగించి, పాత సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి, తుపాకీని కొయ్య దగ్గర పట్టించాము. గొట్టాన్ని పట్టిస్తే అది వంగి లెక్కంతా తప్పుతుంది. ఇలా కదలకుండా పెట్టి, ఒకే చోటికి అయిదు గుండ్లు కాల్చి, కాగితం మీద పడిన చిల్లిని కొలవాలి. మంచి తుపాకీకి మంచి గుండు తోడైతే ఆ అయిదూ కలిసి అయిదున్నర మిల్లీమీటర్లకు మించని గుండ్రటి చిల్లి చేస్తాయి. గుండే నాలుగున్నర కదా, అంటే అసలు చెదురు ఒక్క మిల్లీమీటరే.

మాకు వచ్చిన చిల్లి గుండ్రంగా లేదు. అడ్డంగా బాగానే ఉంది, నిలువుగా కోడిగుడ్డులా సాగింది. మరో అయిదు కాల్చాం, అదే తీరు. పది సార్లు కాల్చినా అదే.

ఆ నిలువు చిల్లి చూసినప్పుడు నాలోని లెక్కల పంతులు మేల్కొన్నాడు. గుండు పది మీటర్లు పోయేలోపల భూమి దాన్ని కిందికి లాగుతుంది. సెకనుకు 170 మీటర్ల వేగంతో పోయే గుండు ఆ దూరంలో సుమారు 17 మిల్లీమీటర్లు దిగుతుంది. గురి సరిచేసేటప్పుడు ఆ దిగుడును కలుపుకునే సరిచేస్తాం. కాని వేగం గుండుకూ గుండుకూ మారితే దిగుడూ మారుతుంది. పక్కలకు తేడా రాదు, కిందికీ మీదికీ మాత్రమే వస్తుంది. అంటే తప్పు గాలిలో ఉంది, గొట్టంలో కాదు అనుకున్నాను.

వేగం కొలిచే యంత్రాన్ని క్రోనోగ్రాఫు అంటారు. రేంజిలో ఒకాయన దగ్గర ఉంటే అడిగి తెచ్చాము. ఇరవై గుండ్లు కాల్చి ఒక్కొక్క అంకె రాయించాను. అన్నిటికంటే తక్కువ 165, ఎక్కువ 174. మొదటిది 18 మిల్లీమీటర్లు దిగుతుంది, రెండోది 16.2. తేడా 1.8 మిల్లీమీటర్లు. మన కోడిగుడ్డు అక్కడుంది! చిల్లి నడుమ నుంచి చూస్తే పైకీ కిందికీ దాదాపు ఒక్కొక్క మిల్లీమీటరు, అంటే పిల్ల ఏ తప్పూ చేయకపోయినా కొన్ని గుండ్లకు మూడు నాలుగు దశాంశాలు ఎగిరిపోతున్నాయి. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో ఆ లెక్క చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఏడాది పాటు తన చేతినే తిట్టుకుంది మరి.

కారణం చాలా చిన్నది. సిలిండరులోని 200 బార్ల గాలిని తగ్గించి, ప్రతి గుండుకూ ఒకే మోతాదు అందించే రెగ్యులేటరు అనే భాగం ఉంటుంది. పాల క్యాను మూతకు రబ్బరు వాషరు ఉన్నట్టే దీనికీ లోపల సీళ్ళు ఉంటాయి. అవి ఎండిపోయాయి. ఇది ఇంట్లో స్క్రూడ్రైవరు పట్టుకుని విప్పే పని కాదు, ఆ ఒత్తిడి మనిషిని గాయపరుస్తుంది. తెలిసిన మెకానిక్కు ఇచ్చి సీళ్ళు మార్పించి, కొత్త సిలిండరు తెప్పించాము. తిరిగి కొలిస్తే తేడా సెకనుకు రెండు మీటర్ల లోపలికి వచ్చింది. మొత్తం ఖర్చు ఒక ఆవు ధరలో సగం కూడా కాలేదు.

తరువాత గుండ్ల వంతు. పోటీకి వాడే గుండు ముందు భాగం చదునుగా ఉంటుంది, కాగితంలో చిల్లి శుభ్రంగా పడాలని. బరువు అర గ్రాము పైచిలుకు. తల వ్యాసం 4.48 నుంచి 4.52 దాకా తేడా తేడాగా అమ్ముతారు. ఏది మంచిది అని అడిగితే జవాబు లేదు. ఏ గొట్టానికి ఏది నప్పుతుందో కాల్చి చూడవలసిందే. నాలుగు డబ్బాలు తెచ్చి ఒక్కొక్క దానికీ అయిదేసి చొప్పున ఆరుసార్లు కాల్చాము. అన్నిటికంటే ఖరీదైన డబ్బా మూడో స్థానంలో నిలిచింది! నెగ్గిన డబ్బా మీది తయారీ సంఖ్య రాసుకుని, అదే సంఖ్య ఉన్నవి దొరికినన్ని కొన్నాము. పేరు ఒకటే అయినా సంఖ్య మారితే మళ్ళీ పరీక్ష పెట్టాలి. అన్నట్టు, ఆ గుండ్లు సీసం. కాల్చిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోకుండా పిల్లలను తిండి ముట్టనివ్వకండి.

ఇప్పుడు తుపాకీని పిల్ల భుజానికి అప్పగించే ఘట్టం. బరువు నియమం ప్రకారం అయిదున్నర కిలోలు మించకూడదు. చెంప ఆనే చెక్క ఎత్తు ముందు సరిచేయాలి. తల వంచకుండా, మెడ బిగించకుండా, కన్ను తనంతట తాను వెనక కన్నానికి ఎదురుగా రావాలి. నిలబడి, కళ్ళు మూసుకుని, ఊపిరి వదిలి కళ్ళు తెరిస్తే గురి లక్ష్యం మీదే ఉండాలి. పక్కకు ఉంటే చేతులతో లాగకూడదు, పాదాలు జరుపుకోవాలి. ముందు వలయం మరీ బిగువుగా ఉంటే చిన్న కదలికకే నల్ల చుక్క దాన్ని ఒరుసుకుని పిల్లలు కంగారు పడతారు. మేము కొంచెం పెద్ద వలయం పెట్టించాము. ట్రిగ్గరు గురించి పేజీలు పేజీలు రాస్తారు గాని, రెండో మెట్టు ఎక్కడ మొదలవుతుందో వేలికి తెలిస్తే నా దృష్టిలో చాలు.

పెద్దవాళ్ళకు కూడా ఈ పరీక్షలు తప్పవు. అభినవ్ బింద్రా 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఫైనల్‌కు చేరి ఏడో స్థానంలో మిగిలాడు. తాను నిలబడిన చోట నేలలో ఒక పలక వదులుగా ఉందని తరువాత తెలిసింది. 2008లో బీజింగ్ ఫైనల్‌కు ముందు సన్నాహపు గుండ్లు కాలిస్తే గురి ఎక్కడికో పోయింది. కన్నం తాను పెట్టినట్టు లేదు. ఉన్న కొద్ది నిమిషాల్లో దాన్ని సరిచేసుకుని మొదటి గుండుకు 10.7, చివరి గుండుకు 10.8 కొట్టి బంగారం తెచ్చాడు. ఆ కొద్ది నిమిషాల్లో పని చేసింది అంతకు ముందు ఏళ్ళ తరబడి తన రైఫిల్‌ను పరీక్షించుకున్న అలవాటే అని నా నమ్మకం. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో 701.1తో కంచు పతకం తెచ్చాడు. రెండో స్థానంలో నిలిచిన ఇటలీ షూటరుకు 701.5. నాలుగు దశాంశాలు, అంటే మా కోడిగుడ్డు చిల్లి ఒక్క గుండుకు తినేసినంత. ఆ గగన్ అకాడమీలోనే నేర్చుకున్న హైదరాబాదు కుర్రవాడు ధనుష్ శ్రీకాంత్, వినికిడి లేనివాడు, 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ బంగారం గెలిచాడు.

మా అమ్మాయి సంగతి. తుపాకీ కుదుటపడ్డాక వైస్‌లో గుండ్రటి చిల్లి వచ్చింది. భుజం మీద పెట్టి కాలిస్తే చిల్లి దానికి రెండింతలు ఉంది. ఆ పైన ఉన్నదంతా తనది. ఇదివరకు ఇది తేల్చి చెప్పలేకపోయేవాళ్ళం. నలభై గుండ్ల తరువాత ఎడమ చెయ్యి అలసి గుండ్లు కిందికి జారుతున్నాయని కాగితాలే చెప్పాయి. దానికి మందు వ్యాయామం, కొత్త తుపాకీ కాదు. ఆ ఏడాది రాష్ట్ర పోటీలో తనకు కావలసిన మార్కు రాలేదు. కొద్దిలో పోయింది. వాళ్ళ నాన్న ఏమంటాడో అని నేను బెరుగ్గానే వెళ్ళాను. ఆయన పాలు పితుకుతూ, “తుపాకీది తప్పు లేదని తెలిసింది గదా సార్, అది చాలు. పిల్ల చూసుకుంటాది” అన్నాడు. మరుసటి ఏడాది చూసుకుంది కూడా.

ఇప్పుడు కాలేజీలో ఉంది. నోటుపుస్తకం మాత్రం మానలేదు. నెలకొకసారి వేగం అంకెలు, డబ్బా సంఖ్య, వైస్‌లో పడిన చిల్లి కొలత అందులో ఎక్కుతాయి. మొన్న యలహంక స్టేషన్లో హిందూపురం రైలు కోసం నిలబడి ఉంటే కనబడి, “సార్, కొత్త డబ్బాల్లో సంఖ్య మారింది, ఈ ఆదివారం వైస్ ఖాళీగా ఉంటుందా?” అని అడిగింది. ఉంటుందని చెప్పాను.