ప్రాంతాభిమానము – దేశాభిమానము

(జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



ఇందాక భోజన విరామమున ఒక వార్డు సభ్యురాలు నన్నొక ప్రశ్న అడిగిరి. "అయ్యా, సెప్టెంబరు 17వ తేదీన పంచాయతీ కార్యాలయము ముందు జెండా ఎగురవేయుదుము. ఆ దినమును ఒకరు విమోచనమందురు, ఒకరు విలీనమందురు, మరియొకరు విద్రోహమందురు. ఏ మాట పలికినను ఎవరో ఒకరు మొగము తిప్పుకొందురు. మేమేమి చెప్పవలెను?" నేను చెప్పదలచిన విషయమంతయు ఈ ప్రశ్నలోనే ఇమిడియున్నది. కావున వ్రాసికొని వచ్చిన కాగితములను ప్రక్కన బెట్టి ఆమెకే సమాధానము చెప్ప ప్రయత్నింతును.

స్వాతంత్ర్యము గొప్ప మాటయే. కాని దానిని ఎవరు అడుగుచున్నారు, ఎవరికొరకు అడుగుచున్నారు అని విచారింపనిదే దాని అర్థము తేలదు. 1947 జూన్ నెలలో నిజాము ఉస్మాన్ అలీఖాన్ తాను భారత రాజ్యాంగ సభలోగాని, పాకిస్తాను సభలోగాని చేరనని, బ్రిటిషువారు వెడలిన వెంటనే తన రాజ్యము స్వతంత్రమగునని ప్రకటించెను. అదియును ఒక ప్రాంతపు స్వాతంత్ర్యమే. కాని ఆ ప్రకటనకు ముందు ప్రజలనెవరును అడిగినవారు లేరు. ఆగస్టు 7వ తేదీన హైదరాబాదు స్టేటు కాంగ్రెసు, భారత యూనియనులో చేరవలెనని ఉద్యమము ప్రారంభించెను. నవంబరు 29న యథాతథపు ఒడంబడిక కుదిరినది. అయినను శాంతి కుదరలేదు. 1948 ఆగస్టు 21న నిజాము ప్రభుత్వము ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపెను. ఆ ఫిర్యాదు సముద్రములు దాటి పోవుచున్న దినములలోనే ఇచ్చట మన ఊళ్ళలో ఏమి జరుగుచుండెనో మీకు తెలియును.

పరకాల సంగతి భూపాలపల్లి వైపు వారికి నేను చెప్పనక్కరలేదు. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా పట్టుకొని వచ్చిన రైతుజనముపై కాల్పులు జరిగినవి. ఆనాడు ప్రాణము లిచ్చిన వారి స్మారకముగా అచ్చట అమరధామము వెలసినది. జనగామ తాలూకా ఆ కాలమున నల్లగొండ జిల్లాలోనిది. నేడు సిద్దిపేట జిల్లాలోనున్న బైరాన్‌పల్లి అప్పుడు ఆ తాలూకాలోని గ్రామము. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాము పోలీసులు దానిపై విరుచుకుపడిరి. ఆ ఊరి బురుజు నేటికిని నిలిచియున్నది. చూడనివారు ఒకమారు పోయి చూడుడు. అంతకు అయిదారు దినములకు ముందే, హైదరాబాదు నగరమున 'ఇమ్రోజు' పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నడివీధిలో చంపిరి. ఆయన ఆనాటి వరంగల్లు జిల్లాలో జన్మించిన ముస్లిము యువకుడు. హైదరాబాదు భారత యూనియనులో చేరుటయే న్యాయమని వ్రాయుట ఆయన చేసిన నేరము. ఆనాటి తగవును రెండు మతముల తగవుగా చెప్పువారికి నేనీ పేరును గుర్తు చేయుచుందును.

మరియొక సంగతి. నేటి మన జనగామ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినది 1946 జూలై 4వ తేదీన. అప్పటికి దేశమునకే స్వాతంత్ర్యము రాలేదు. ఢిల్లీలో చేరవలెనా వద్దా అను ప్రశ్న ఆనాడు ఆయన ముందు లేదు. వెట్టి వద్దు, విసునూరు దేశ్‌ముఖు దౌర్జన్యము వద్దు అనునదే ప్రశ్న. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుభూమిలో పండిన పంటకొరకు నిలబడినది. స్వాతంత్ర్యమను మాట మన పల్లెలలోనికి ఫర్మానాలనుండి రాలేదు. వడ్ల కల్లములోనుండి వచ్చినది.

ఇక ఆ తేదీ విషయము. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యములు ప్రవేశించినవి; 17న నిజాము లొంగిపోయెను. నేనెరిగిన ఒక గ్రామములో ఒకే వీధిని మూడు ఇండ్లున్నవి. మొదటి ఇంటి పెద్దను రజాకార్లు చంపిరి. ఆ ఇంటివారు 'విమోచనము' అందురు. వారిని తప్పుపట్టగలవారెవరు? రెండవది ఒక పేద ముస్లిము కుటుంబము. వారి తాత రజాకారు కాడు, జాగీర్దారు కాడు. సుతారి పని చేసికొని బ్రతికినవాడు. అయినను సైన్యము వచ్చిన వారములలో ప్రాణభయముతో జొన్నచేలలో దాగియుండెను. హైదరాబాదు రాష్ట్రపు పశ్చిమ జిల్లాలలో, ముఖ్యముగా ఉస్మానాబాదు, బీదరు, గుల్బర్గా, నాందేడులలో, నిరపరాధులైన ముస్లిములు వేలసంఖ్యలో చనిపోయిరని నెహ్రూగారు పంపిన సుందర్‌లాల్ సంఘము తెలిపినది. ఆ నివేదిక చాలకాలము వెలుగు చూడలేదు. ఈ ఇంటివారు ఏ పేరును పలుకరు, ఊరకుందురు. మూడవ ఇంటివారి పెద్ద సంఘములో పనిచేసినవాడు. నిజాము పోయిన పిమ్మట కూడ సాయుధ పోరాటము 1951 అక్టోబరు వరకు సాగినది కదా, ఆ కాలమున కొత్త ప్రభుత్వపు సైనికులే ఆయనను పట్టుకొనిపోయిరి. పంచుకొన్న భూములలోనికి దొరలు తిరిగి వచ్చిరి. నిజామునకు ఏటా 50 లక్షల రూపాయల రాజభరణము, 1950 నుండి 1956 వరకు రాజప్రముఖ పదవియు లభించినవి. ఇట్టిదానిని విమోచనమని ఎట్లందుము అని ఆ ఇంటివారు అడుగుదురు. 1949లో జాగీర్దారీ రద్దయినది. 1950 నాటి కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదార్లకు హక్కులిచ్చినది. ఇవి చిన్న లాభములు కావు. అయినను వారి ప్రశ్న ప్రశ్నగానే మిగిలినది.

ఈ మూడు ఇండ్లలో దేశద్రోహి ఎవ్వరు? నాకు కనబడలేదు.

ప్రభుత్వములు కూడ ఆ దినమునకు ఒకే పేరు పెట్టలేదు. 2022లో రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా వజ్రోత్సవములనెను, అదే సంవత్సరము కేంద్ర ప్రభుత్వము హైదరాబాదు విమోచన దినోత్సవమనెను. 2024లో రాష్ట్ర ప్రభుత్వము ప్రజాపాలనా దినోత్సవమని పిలిచెను. పెద్ద సభలలోనే ఏకాభిప్రాయము లేనప్పుడు వార్డు సభ్యులు ఇబ్బంది పడుటలో ఆశ్చర్యము లేదు.

ఇప్పుడు రెండవ సంగతి. ప్రత్యేక రాష్ట్రము కోరుట వేరు, ప్రత్యేక దేశము కోరుట వేరు. ఇది పసిపిల్లలకు కూడ తెలిసినదే అందురేమో. కాని 'వేర్పాటువాదము' అను ఒకే మాటతో ఈ రెండింటిని అరువది సంవత్సరములు కలగాపులగము చేసిరి. 1952లో వరంగల్లు, హనుమకొండలలో విద్యార్థులు ముల్కీ ఉద్యమము చేసిరి. వారు కోరినది ఉద్యోగములు స్థానికులకీయవలెనని. భూపాలపల్లి జిల్లాకు ఎవరి పేరు పెట్టితిమో ఆ కొత్తపల్లి జయశంకరుగారు అప్పుడు విద్యార్థి. ఆ ఉద్యమమున పాల్గొనిరి. 'ఇడ్లీ సాంబారు గోబ్యాక్' అనునది ఆనాటి నినాదములలో ఒకటి. నేడు జనగామ బస్టాండులో తెల్లవారుజామున ఏమి తినుచున్నామో ఆలోచించినచో కొంత నవ్వు రాకపోదు. కాని ఆ యువకుల కష్టము నవ్వులాట కాదు. సెప్టెంబరు మొదటి వారమున హైదరాబాదులో పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి.

1955లో ఫజల్ అలీ సంఘము, తెలంగాణమును ప్రస్తుతము హైదరాబాదు రాష్ట్రముగా వేరుగనే ఉంచవలెననియు, 1961 ప్రాంతపు ఎన్నికల పిమ్మట శాసనసభలో మూడింట రెండువంతుల మంది అంగీకరించినచో ఆంధ్రతో కలియవచ్చుననియు సిఫారసు చేసెను. ఆ సిఫారసు నిలువలేదు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందము జరిగినది, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. ఒప్పందపు మాట తప్పినారని 1969లో తెలంగాణము భగ్గుమన్నది. 1971 లోకసభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి ఈ ప్రాంతపు 14 స్థానములలో 10 గెలిచినది. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఈసారి అటువైపు 'జై ఆంధ్ర' ఉద్యమము లేచినది. గమనింపుడు: విడిపోవుదుమని తెలంగాణమువారనిరి, ఆంధ్రమువారును అనిరి. జాతీయ జెండాను దింపుదుమని ఉభయులలో ఏ ఉద్యమమును అనలేదు.

నిజముగా ప్రత్యేక దేశము కోరిన ఉదాహరణము మన పొరుగుననే ఉన్నది. మద్రాసు రాష్ట్రమున ద్రావిడ మున్నేట్ర కజగము ద్రావిడనాడు కావలెననెడిది. వారు ఊహించిన ఆ దేశములో తెలుగునేల కూడ చేరియుండెను, మనలను అడిగినవారు లేకున్నను! 1962 చైనా యుద్ధము తరువాత అణ్ణాదురైగారి పక్షము ఆ కోరికను విడిచినది. 1963లో పదునారవ రాజ్యాంగ సవరణ వచ్చి, దేశపు సార్వభౌమత్వమును సమగ్రతను కాపాడుదునని అభ్యర్థులు ప్రమాణము చేయవలసి వచ్చెను. అదే పక్షము 1967 ఎన్నికలలో గెలిచి పాలించినది. 1969లో ఆ రాష్ట్రమునకు తమిళనాడను పేరు వచ్చినది. భాష పోలేదు, అభిమానమును పోలేదు.

రాజ్యాంగము మొదటి అధికరణము భారతదేశము రాష్ట్రముల సమాఖ్య యని చెప్పుచున్నది. మూడవ అధికరణము కొత్త రాష్ట్రములు ఏర్పరచు అధికారము పార్లమెంటున కిచ్చినది. దేశమునుండి విడిపోవుటకు మాత్రము అందులో ఏ అధికరణమును లేదు. 2014 ఫిబ్రవరి 18న లోకసభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించినవి. జూన్ 2న తెలంగాణ రాష్ట్రము అవతరించినది. అంతకు ముందు జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ బిల్లును తిరస్కరించియుండెను. మూడవ అధికరణము ప్రకారము శాసనసభ అభిప్రాయము తెలిసికొనవలెనే గాని దానికి కట్టుబడవలెనని లేదు. అందువలన ఆవలి సోదరుల మనసు నొచ్చిన మాట నిజము; మన సంతోషములో దానిని మరువరాదు.

మహబూబాబాదు వైపు సభ్యులకు ఈ విషయము ఇంకొక విధముగా తెలియును. 'మా తండాలో మా రాజ్యము' అని లంబాడీ సోదరులు సంవత్సరముల తరబడి అడిగిరి. 2018 పంచాయతీరాజ్ చట్టముతో ఎన్నో తండాలు, గూడెములు సొంత పంచాయతీలైనవి. రాజ్యమన్నంత మాత్రమున తండా మండలమునుండి, దేశమునుండి వేరుపడినదా? తమ బోరు, తమ బడి, తమ బాట గురించిన తీర్మానము తామే వ్రాసికొనవలెనని కోరిరి. పన్ను తగ్గునని పాత పంచాయతీల పెద్దలు కొందరు ఆనాడు కష్టపెట్టుకొనిరి. వారిలో ఇద్దరు ముగ్గురు ఇక్కడ కూర్చుండి నవ్వుచున్నారు, సంతోషము. అడుగుట అంతటితో ఆగలేదు, ఆగదు కూడ. 2016లో జనగామ జిల్లా కావలెనని జనగామవారు ఉద్యమించిరి, పొందిరి. భూపాలపల్లినుండి ములుగు 2019లో వేరైనది.

అయితే ప్రాంతాభిమానము ఎప్పుడును నిర్దోషమని నేననను. ఎదుటివాని యాసను, తిండిని, పుట్టుకను నిందించుటకు దిగిననాడు అది దారి తప్పును. 2010 మే 28న మహబూబాబాదు రైల్వే స్టేషనులో రాళ్ళు, తుపాకులు మాటలకు బదులు పనిచేసినవి. తెలంగాణము రాదేమో యను నిరాశతో ఎందరో పిల్లలు ప్రాణములు తీసికొనిరి. ఆ తల్లులు మీ గ్రామములలోనే ఉందురు. వారి ముందు ఈ చర్చ చేయునప్పుడు గొంతు తగ్గించవలెను.

ఇక సోదరీమణి ప్రశ్నకు తిరిగి వచ్చెదను. ప్రభుత్వోత్తర్వులో ఆ సంవత్సరము ఏ పేరున్నదో రికార్డులో ఆ పేరు వ్రాసికొనుడు; అది కార్యాలయ విధి. నేను చెప్పిన ఆ మూడు ఇండ్ల గ్రామములో మాత్రము పంచాయతీవారు మరియొక పని చేసిరి. గుడ్డ బ్యానరుపై తేదీ మాత్రము వ్రాయించిరి. జెండా ఎగురవేసిన పిమ్మట ఉపన్యాసములు మాని, ఆ వీధిలోని ఒక్కొక్క ఇంటినుండి ఒకరిని తమ పెద్దల సంగతి చెప్పుమని కోరిరి. మొదటి సంవత్సరము మొదటి ఇంటివారొక్కరే మాటలాడిరి. రెండవ ఇంటి ముసలమ్మ వచ్చి కూర్చుండెను, మాటలాడలేదు. మూడవ ఇంటి ఆయన అసలు రాలేదు. మరుసటి సంవత్సరము ఆయన వచ్చి వెనుక వరుసలో నిలుచుండెను. ఆ ముసలమ్మ లేచి, తన మామ జొన్నచేలో దాగిన మూడు దినములు రొట్టె మోసినది మొదటి ఇంటి కోడలేనని చెప్పెను. ఆ సంగతి మొదటి ఇంటివారికే తెలియదు.