రేచీకటి అనుకుని ఊరుకోవద్దు
(వార్షికోత్సవ సభలో ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పండుగలాంటి రోజున జబ్బుల మాటెందుకని కొందరన్నారు. మాకిచ్చింది పది నిమిషాలే కాబట్టి నేరుగా విషయానికి వస్తాం. మేము డాక్టర్లం కాము. మనవాళ్లను కంటి ఆసుపత్రులకు వెంటబెట్టుకుని వెళ్లి, చీటీ పట్టుకుని కూర్చుని, రిపోర్టులు చదివించుకుని వచ్చినవాళ్లం.

దొడ్డబళ్లాపురం వైపు ఒక పవర్‌లూమ్ ఇంట్లో పదహారేళ్ల అబ్బాయి. సాయంత్రం కరెంటు పోతే గోడ పట్టుకుని నిలబడిపోయేవాడు. కాళ్ల దగ్గరున్న కండెల బుట్టను తన్నేసేవాడు. ఒళ్లు దగ్గర పెట్టుకోవని ఇంట్లో తిట్లు. రేచీకటి అని తెలిశాక మూడేళ్లు క్యారెట్లు, మునగాకు, మేక కార్జం పెట్టారు. అది తప్పేం కాదు, విటమిన్ ఎ తక్కువై వచ్చే రేచీకటి నిజంగానే తగ్గుతుంది. వీడికి తగ్గలేదు. అయినా పెద్దాసుపత్రికి తీసుకెళ్లలేదు. ఎందుకంటే అక్కకు సంబంధం చూస్తున్నారు, కంటి జబ్బు ఇల్లని పేరొస్తుందని తల్లి భయం. ఆమెను అనడానికి మాకు నోరు రాలేదు. మన ఇళ్లలో ఇలా దాచనివాళ్లు ఎందరు?

ఆసుపత్రిలో మొదట అడిగింది కంటి గురించి కాదు. "అమ్మా నాన్నా చుట్టాలా?" అని. వాళ్లది మేనమామ, మేనకోడలి పెళ్లి. మూడు తరాల వంశవృక్షం గీయించారు. తర్వాత చుక్కలు వేసి లోపలి రెటీనా చూస్తే నల్లటి మచ్చలు కనబడ్డాయి. మచ్చ కనబడగానే వంశం జబ్బు అని తేల్చేయరట. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి రుబెల్లా వస్తే బిడ్డ రెటీనా మీద ఉప్పు, మిరియాలు చల్లినట్టు మచ్చలుంటాయి, కానీ రెటీనా మామూలుగానే పనిచేస్తుంటుంది. సిఫిలిస్ కూడా ఇలాంటి మచ్చలే చేయగలదు, దానికి మందుంది. అందుకే రక్త పరీక్ష, చుట్టుచూపు పరీక్ష, రెటీనా పొరలు చూపే ఓసీటీ, వెలుగు పడినప్పుడు రెటీనాలో పుట్టే విద్యుత్తును కొలిచే ఈఆర్‌జీ, ఇవన్నీ చేశారు. ఈఆర్‌జీ గీత దాదాపు చదునుగా వచ్చింది. జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. ప్రపంచం మొత్తం మీద సుమారు 4,000 మందిలో ఒకరికి ఉంటుందంటారు.

జన్యువు సంగతి మనకు జకార్డ్ అట్టలతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ప్రతి మనిషికి రెండు జతల అట్టలు, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. ఒక జతలో ఒక రంధ్రం తప్పుపడినా రెండోది బుటాను కాపాడుతుంది. రెండింట్లోనూ అదే చోట తప్పుంటేనే చెడుతుంది. బావామరదళ్లకు జన్యువుల్లో ఎనిమిదో వంతు, మేనమామ మేనకోడళ్లకు నాలుగో వంతు ఒకటే ఉంటాయి. ఇద్దరూ ఆ తప్పును మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాలన్నీ చెడ్డవని మేము అనడం లేదు. మాలో సగం మంది ఆ పెళ్లిళ్లలో పుట్టినవాళ్లమే.

ఇక్కడే చిక్కొచ్చింది. అక్కకు చూస్తున్న సంబంధం తల్లి సొంత తమ్ముడే. తమ్ముడి జన్యువులో తప్పు ఎక్కడుందో తెలిశాక ఇద్దరి రక్తమూ పరీక్షించారు. ఇద్దరూ ఆ తప్పును మోస్తున్నారు. కళ్లకు ఏ లోపమూ లేదు, రాదు కూడా. పెళ్లి ఆగింది. రెండు నెలలు ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు. తర్వాత ఆ అమ్మాయికి బయటి సంబంధం కుదిరింది, జబ్బు సంగతి ముందే చెప్పి.

నయంకాని జబ్బుకు ఇంత పరీక్షెందుకని అడుగుతారు. ఆర్‌పీఈ65 అనే జన్యువులో తప్పుంటే 2017 డిసెంబరులో అమెరికాలో ఒక జన్యు చికిత్సకు అనుమతి వచ్చింది. మన అబ్బాయిది వేరే జన్యువు. అయినా అతనికి రెటీనా వాపు, శుక్లం ముందుగా పట్టుకోవచ్చు. చీకట్లో మగ్గాల మధ్య తిరిగే పని మాన్పించారు. వికలాంగుల సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేశారు.

ఇంకో మాట, క్లుప్తంగా. కంట్లో పుల్ల గుచ్చుకుని నల్లగుడ్డు మీద తెల్లమచ్చ పడితే మెడికల్ షాపు చుక్కలు, ఆకుపసరు వద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉండి, పుండు ఫంగస్‌దైతే, కన్నే పోవచ్చు. ఆసుపత్రిలో పుండును కాస్త గీకి మైక్రోస్కోపులో చూస్తే చాలాసార్లు ఆరోజే తెలుస్తుంది. పైథియం అనేదొకటి అచ్చం ఫంగస్‌లాగే కనబడుతుంది, కానీ ఫంగస్ మందులు దానిమీద సరిగా పనిచేయవు. అందుకే కల్చర్ రిపోర్టు వచ్చేదాకా ఓపిక పట్టాలి.

బెంగళూరులో 1896లో మొదలైన మింటో ప్రభుత్వ కంటి ఆసుపత్రి చామరాజపేటలో ఉంది. జన్యు పరీక్షల సలహాకు నారాయణ నేత్రాలయ ఉంది. హైదరాబాదు చుట్టాలున్నవాళ్లకు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి తెలిసిందే. వెళ్లేటప్పుడు పాత చీటీలు, వాడిన చుక్కల సీసాలు, ఖాళీవైనా సరే, పట్టుకెళ్లండి.

బయట బల్ల మీద కాగితాలు పెట్టాం. మూడు తరాల పేర్లు, ఎవరు ఎవరిని చేసుకున్నారు, ఎవరికి ఏ వయసులో చూపు తగ్గింది, రాసి మీ ఇంట్లోనే ఉంచుకోండి. ఆడబిడ్డల వైపువాళ్లను మరిచిపోతుంటారు, వాళ్లనూ రాయండి.